కంటి పొరలో రింగు

జనగామ బస్టాండు. పట్నంలో కంటి దవాఖానకు పోయి తిరిగొస్తున్న ఐలేశ్, అతని అక్క రేణుక దంతాలపల్లి బస్సు కోసం కూర్చున్నారు.

"ఒక్క మాట చెప్పురా ఐలేశ్. రింగు ఏపిచ్చుకుంటవా, ఏపిచ్చుకోవా?"

"సూద్దాం తియ్యక్కా."

"సూద్దాం సూద్దామనుకుంటనే ఏడాది గడిచె. డాక్టరు ఏమన్నడు మల్ల?"

"చెప్పిన గద. ఆలోచన జేసుకొని రమ్మన్నడు."

"గంతేనా?"

"ఇంకేమంటడు? కెరటోకోనస్ అన్నడు. నల్లగుడ్డు మీది పొర శంకు లెక్క ముంగటికి పొడుసుకొచ్చిందన్నడు. ఎరుకున్నదే గద."

"గా పొరల సన్నటి రింగు పెడితె సదునైతదని పోయినసారి నర్సమ్మ బొమ్మ వెట్టి మరీ చెప్పె. అప్పుడు అద్దాలకు సూపు ఆనుతదట."

"ఆనుతదట. కొందరికి. రోగమైతె పోదు."

"పోకుంటె పాయె. జర కనవడితె సాలదా?"

"కంట్ల ప్లాస్టిక్ ముక్క వెట్టుకొని దుమ్ముల తిరగాల్నా?"

"ఏ దుమ్మురా? వరికోత మిషన్ దిగి ఎన్నడో ఆయె నువ్వు."

"నేను దిగలే. దింపిండు."

"ఎవలైనా దింపుతరు. మహదేవపూర్ల మిషన్ దీస్కపోయి కరెంటు స్తంభానికి గుద్దితివి. గా పక్కనే గట్టు మీద కూలోళ్లు బువ్వ తింటున్నరట. మిషన్ ఓనరు ప్రేమ్‌సింగ్ ఇంక నిన్నెట్ల పెట్టుకుంటడు?"

"స్తంభం నాకు రెండు కనవడ్డయక్కా."

"రెండు కనవడితె ఆగాలె గద!"

"రెండిట్ల నడిమికెల్లి పోదామనుకున్న."

"నడిమికెల్లా?"

"నవ్వకు."

"నవ్వుతలేనురా."

"మల్ల మొకం గట్ల తిప్పుకుంటవేంది?"

"ఏం లేదు. అందుకే ఏపిచ్చుకోమంటున్న. పెండ్లి గాని పోరనివి. ఇంట్ల మంచానికి అతుక్కొని కూసుంటవా ఇగ?"

"లెన్సు వెట్టుకొని సూసిన గద. కండ్లల్ల కారం చల్లినట్టుండె."

"లెన్సు వేరు, రింగు వేరు."

"నువ్వేమన్న డాక్టరమ్మవా?"

"పెద్దవంగర ఊరాయన ఒగలు ఏపిచ్చుకున్నడట. ఇప్పుడు పేపరు సదువుతుండట."

"ఎవలాయన?"

"పేరు తెల్వదు. దవాఖానల ఎవలో అంటుంటె విన్న."

"ఏపిచ్చుకొని గూడ కనవడనోళ్లు వచ్చి నీకు చెప్తరా అక్కా?"

"అన్నిటికీ అడ్డమే మాట్లాడుతవు. భయమైతె భయమని చెప్పు."

"భయం గాదు."

"మల్లేంది?"

"ఏం లేదంటున్న గద. ఇడిసిపెట్టు. నీకేం ఎరుక, ఒక్క దీపం పది దీపాలైతె ఎట్లుంటదో."

"ఎరుకే."

"ఏం ఎరుక?"

"పది గాదు. ఒక్క దీపానికే కిందికి తోక సాగుతది. అచ్చరం పక్కపొంటి నీడ లెక్క ఇంకో అచ్చరం నిలవడుతది. ఒక కన్ను మూసుకుంటె గని సూదిల దారం దూరది."

"అక్కా... గియ్యన్ని నేను నీకెన్నడు చెప్పలే."

"చెప్పలే."

"మల్ల?"

"పోయిన ఎండకాలం సంది. ఎడమది ఎక్కువ. కుడిది గూడ సురువైనట్టుంది. కుట్టు వంకరవోతుందని జాకెట్లకొచ్చినోళ్లను మల్లిచ్చి పంపుతున్న."

"బావకు చెప్పినవా?"

"లే."

"అవ్వకు?"

"నీ ఒక్కని బాధకే అవ్వకు బువ్వ దిగుతలేదు. ఇద్దరికీ ఇదే రోగమని ఏ నోటితోని చెప్పాలె?"

"గందుకేనా, పొద్దుమాపు రింగు రింగని నా ఎనుక వడ్డవు?"

"నువ్వు మంచిగ గావాల్ననే వడ్డ. కాని... గందుకు గూడ. నిన్ను ముంగట పంపి సూద్దామనుకున్న తమ్మీ. నీకు మంచిగైతె నాకూ అయితది. నీకేమన్న అయితె నేను పోకుండ ఉందామని."

"ఏడ్వకక్కా. అందరు సూస్తున్నరు."

"సూడనీ. కండ్లున్నోళ్లను సూడనీ."

"నీళ్లు తాగు. ఇగో."

"కోపమొచ్చిందారా నా మీద?"

"లేదు."

"తిట్టన్న తిట్టు."

"లేదంటున్న గద."

"అగో, దంతాలపల్లి దంతాలపల్లి అని కండక్టరు ఒర్లుతుండు. మన బస్సే. సంచి అందుకో."

"ఎక్కకు."

"ఏమైందిరా?"

"పట్నం బస్సెక్కుదాం మల్ల. నీ కండ్లు సూపిద్దాం. పొర జర మందమున్నప్పుడే పోవాలెనట."

"నీది ముందు గానియ్యిరా. నీది మంచిగైనంక అప్పుడు నేను..."

"నాకు పడదక్కా. నువ్వు చుక్కల మందుకు పోయినప్పుడే చెప్పిండు డాక్టరు. రింగు ఆగనంత పల్చగైంది నా పొర, ఇగ సచ్చిపోయినోళ్ల పొర దొరికితె మార్చుడే, గది గూడ నిలుస్తదో లేదో అన్నడు. నువ్వు గింత ఆశ మీదుండంగ నోరు రాక, ఆలోచన జేసుకొని రమ్మన్నడని అబద్ధమాడిన."