అంచుకి తోడు

అమ్మ పోయాక మొదటిసారి ల్యాబ్‌కి వచ్చిన అమ్మాయి ఫ్రిజ్ ముందే నిలబడిపోయింది. పక్కన ఆమె సీనియర్.

“తియ్యవే.”

“ఎందుకక్కా? బ్యాటరీ కోసం నేను చేసిన ఆ నల్ల ద్రావణం ఈపాటికి గాలికి తెల్లబడి పాడైపోయుంటుంది.”

“ముందు చూడవే తల్లీ, తర్వాత ఏడుద్దువుగాని.”

“అరే, కాటుకలా అలాగే ఉంది! ఏం చేశావ్?”

“నువ్వెళ్లిన రోజే విటమిన్ సి కలిపాను. అది ద్రావణంలోని సన్నటి రేకుల అంచుల్ని పట్టుకుని, గాలి సోకనివ్వదు.”

“అంచుల్నే ఎందుకు?”

“పాడవడం అక్కడే మొదలవుతుంది. మధ్యలో ఉన్నదానికి చుట్టూ తోడుంటుంది. అంచుకి ఒకవైపు ఎవరూ ఉండరు.”

“అక్కా, సాయంత్రం ఆ ఇంటికి ఒక్కదాన్నే వెళ్లాలంటే…”

“వెళ్లొద్దు. మా ఇంట్లో నీకు పక్క వేసే వచ్చాను. నాకూ మా బుజ్జిదానికీ మధ్యలో.”