పెదనాయన గుండెలో టిక్‌టిక్

ఆర్తీ, హరీ, ఈ కథ మీరు వినలేదు. ఊరికి ఇంత దూరాన మిమ్మల్ని పెంచుతూ, ఏది చెప్పాలో ఏది దాచాలో తేలక నేనే చెప్పలేదు.

కోవిల్‌పట్టిలో ఉండే మా అన్న, అంటే మీ నల్లసామి పెదనాయనకు గుండెలో లోహపు కవాటం వేశారు. అది టిక్‌టిక్‌మంటుంది. మన ఇలవేల్పు పెట్టెను తలకెత్తే హక్కు పెద్దకొడుకుగా ఆయనది. ఎత్తేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఆ ఏడు ఆ నిశ్శబ్దంలో టిక్‌టిక్ అందరికీ వినిపించింది. "యంత్రముండే ఒళ్ళు మనిషి ఒళ్ళు కాదు, ఎత్తకూడదు" అని కులపెద్ద పొన్నయ్య ఆపేశాడు.

మర్నాడు అరుగు మీద, ఆ పొన్నయ్య ముందే, అన్న రేగిపోయాడు.

"యంత్రమంట! పోయిన నెల విరుదునగర్ బస్టాండులో గడియారం ఆగిపోయె. కండక్టరు నా రొమ్ముకు చెవి ఆనించి విని, నిమిషం తప్పకుండా బండి తీయించినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కండక్టర్లంతా వరస కట్టినారు!"

"నీకు టికెట్టు కొట్టలేదా మామా?" అన్నాడు మేనల్లుడు సెంథిల్.

"నోరు ముయ్యరా! అరుప్పుకోట్టైలో నేను వీధిలో నడుస్తా ఉంటే మరమగ్గాలన్నీ నా గుండె తాళానికే ఆడె, నేను కాఫీకి కూర్చుంటే అవీ నెమ్మదించె, లేస్తే చీరలు కుప్పలు పడె! మొన్న సూర్యుడే ఒట్టపిడారం చేల మీద సగం లేచి, 'నల్లసామీ, టైమైందా?' అన్నాడు. 'ఉండప్పా, నాకింకా టీ రాలే' అన్నాను. నిలబడినాడు!"

అందరూ నవ్వారు. పొన్నయ్య నవ్వలేదు.

"మేము చెప్పిందీ అదే గదప్పా. నువ్వు గడియారానివి. గడియారం దేవర పెట్టె ఎత్తుతుందా?"

సూర్యుణ్ణి ఆపినవాడు తువ్వాలు రొమ్ము మీదికి లాక్కున్నాడు. టిక్‌టిక్ మాత్రం వినిపించింది, ఇందాకటికన్నా వడివడిగా.

టీ తెచ్చిన కమలం వదిన పళ్ళెం దబ్బున దించింది.

"వినండి పెద్దాయనా. ఆపరేషనైన కాడి నుంచి పక్కన పడుకొని వింటా ఉన్నాను. నిద్రపోతే నెమ్మదిగా పోతుంది. బిడ్డకు జరమొస్తే పరిగెత్తుతుంది. ఇప్పుడు మీరన్న మాటకు ఎట్ల కొట్టుకుంటా ఉండాదో వినండి. ఏ గడియారానికి అవమానం తెలుస్తుంది?"

పొన్నయ్య టీ ముట్టకుండా లేచిపోయాడు.

ముందురోజు అన్న చేతుల్లోంచి పెట్టె అందుకున్నది నేనే. అన్న తరఫున ఒక్క మాట అనలేదు. మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. సూర్యుడి దగ్గర బాగా నవ్వించండి. నా సంగతి మాత్రం వదిలెయ్యకండి.