పడగానే విజిల్

తిరువూరు గ్రౌండ్‌లో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే, విజిల్ మెడలో వేసుకున్న కోచ్ కుదురుగా నిలబడలేకపోతున్నాడు. ఇండియా జట్టు తరఫున విదేశంలో ఆడి ఓడి వచ్చిన ఆయన శిష్యురాలు కరుణశ్రీ పక్కనే ఉంది.

“నిన్ను తోసేస్తే ఫౌల్ ఇవ్వడా? ఆ రిఫరీకి కళ్ళు లేవా?”

“తొయ్యలేదు సార్. భుజం తగిలితే నేనే పడ్డాను.”

“మరి వెంటనే లేవొద్దా?”

“విజిల్ కోసం చూస్తూ ఉండిపోయాను. ఈలోగా వాళ్ళు గోల్ కొట్టేశారు.”

“అదేం పాడలవాటే? ఎవరు నేర్పారు నీకు?”

“ఇక్కడ నేను పడితే చాలు, మీరు ఊదేసేవారు కదండీ.”

“దెబ్బలు తగిలితే మీ ఇళ్ళల్లో మళ్ళీ పంపరనే భయం నాది!”

అంతలో గ్రౌండ్‌లో ఒక పిల్ల పడింది. బంతి పక్కనే ఉన్నా, తలెత్తి ఆయన వైపే చూసింది. ఆయన చెయ్యి విజిల్ మీదికి పోయింది.

“వద్దు సార్,” అంది కరుణశ్రీ. “లేవనివ్వండి.”