కన్నబిడ్డలమా, పెంచుకున్న బిడ్డలమా

"అమ్మమ్మా, నువ్వూ తాతా ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదంట గదా? నాన్న చెప్పిండు. దేనికి?"

ఎవలు, మీ నాయినా చెప్పింది? వాని నోట్ల నువ్వుగింజ నానదు, చిన్నప్పటి సంది అంతే, మేనత్తను నాకు తెల్వదా. ఫోన్ల రికార్డు అయితుందా అది? అయితే కానియ్యి, నాకు దాచేటిది ఏముంది. ఎనిమిది కాదు బిడ్డా, తొమ్మిది. వానలు మొదలైనప్పుడు బంద్ అయింది, మళ్ళ మామిడికాయలు వచ్చినంక... ఆఁ, తొమ్మిదే. మీ తాత ప్రకాశం ఉప్పల్ల, నేను నాచారంల. కూతవేటు దూరం. తోడబుట్టిన అక్కాతమ్ముళ్ళం తొమ్మిది నెలలు ఒకల మొఖం ఒకలం సూడలే. దేనికంటే, దేవుని గురించి. నవ్వకు స్నేహా, నిజంగనే దేవుని గురించే.

మీ నానమ్మ కమల పోయినంక మీ తాత మనిషి ఎండిపోయిండు. నీకు తెల్వదు, నువ్వు అప్పుడు హాస్టల్ల ఉన్నవు. నాగోల్ కాడ మెట్రో ఎక్కి, ఆ కొస దాకా పోయి, మళ్ళ ఎనుకకు వచ్చెటోడు. దినాం అదే పని. ఎందుకురా అంటే, "ఏసీ సల్లగుంటదక్కా" అనెటోడు. ఏసీ కోసం కాదని నాకు తెల్వదా. ఇంట్ల మాట్లాడే మనిషి లేదు. కమల ఎంత మాట్లాడేది. కూరగాయల బండాయనతోని బెండకాయల కాడ మొదలు పెట్టి ఆయన బిడ్డ పెండ్లి దాకా పోయేది.

ఇగో, ఆ మెట్రోలనే దొరికిన్రు ఆ ఇద్దరు. తెల్లంగి, నల్ల ప్యాంటు, టై, జేబు మీద నల్ల బిళ్ళ. ఒకడు విదేశపోడు, ఈ తలుపంత ఎత్తు. ఇంకొకడు మనోడే, రాజమండ్రి దిక్కు. మార్మన్‌లు అంటరు సూడు, అమెరికాల పుట్టిన ఏసు సంఘం, వాళ్ళు. ఆ బిళ్ళ మీద పేరు ముందల 'ఎల్డర్' అని ఉంటది. ఎల్డర్ అంటే పెద్ద అని, గంత ఇంగ్లీషు నాకూ తెలుసు. మన చర్చిల గూడ పెద్దలుంటరు, అందరు నెత్తి నెరిసినోళ్ళు. వీళ్ళకు మీసాలే సక్కగ మొలవలే. నేను పెద్దలు అని పిలవాలంటే నాకు నవ్వొచ్చేది. బాబూ అనే పిలిచిన.

మంచి పోరగాండ్లు, అబద్ధం ఎందుకు. మీ తాత బియ్యం బస్తా మూడో అంతస్తు దాకా మోసిన్రు. కూసోని ముచ్చట పెట్టిన్రు. "అంకుల్, మీ భార్య మిమ్మల్ని విడిచి ఎక్కడికీ పోలేదండి, కుటుంబం చావుతో తెగిపోదండి" అన్నరంట. ఇగ మీ తాతకు ఏం కావాలె? ఆరు నెలలల్ల అండ్ల కలిసిండు. మళ్ళ బాప్తిస్మం తీసుకున్నడు. "నీకు ఎన్నడో అయింది గదరా, రెండోసారి ముంచుడేంది" అంటే, "అది వేరక్కా" అన్నడు. చాయ బంద్, కాఫీ బంద్. వాళ్ళండ్ల తాగరు. మీ తాత, నాచారం కంపెనీల ఫిట్టర్ పని చేసినప్పుడు, షిఫ్టుకు ఆరు చాయలు తాగిన మనిషి. అప్పుడు చాయ పదిహేను పైసలు. కాదు, ఇరవై. ఇరవై పైసలకు సగం గిలాస కాదు, నిండు గిలాస ఇచ్చెటోళ్ళు.

ఆగు, అసలు ముచ్చట చెప్పాల్నంటే ఎనుకకు పోవాలె. నీకు తెలుసో తెల్వదో, నేను మా అమ్మకు పుట్టలే.

తెల్వదు గదా. మీ నాయినకు తెలుసు, గాని ఆ ఒక్కటి దాచిండన్నట్టు. మా అమ్మ సికింద్రాబాద్ల ఒక దవాఖానల ఆయా. నెలకు అరవై రూపాయలు. పెండ్లయి ఆరేండ్లయినా పిల్లల్లేరు. ఆడ కాన్పుకు వచ్చిన ఒకామె నన్ను కని, రెండో దినం పోయింది. నా కోసం ఎవ్వరు రాలే. మా అమ్మ వారం దాక సూసి, పెద్ద డాక్టరమ్మను అడిగి, కొంగుల చుట్టుకొని నడుసుకుంట ఇంటికి తెచ్చుకుంది. మా బాపు తలుపు తీసి, "ఎవలే?" అన్నడంట. "సరోజ" అన్నదంట అమ్మ. తోవలనే పేరు పెట్టింది. నేను వచ్చిన రెండేండ్లకు ప్రకాశం పుట్టిండు. "దీని కాలు మంచిది, తమ్మున్ని తెచ్చుకుంది" అని అందరికి చెప్పేది. నాకు పన్నెండేండ్లప్పుడు అమ్మనే కూసోబెట్టి చెప్పింది. చెప్పి, "ఇగ పోయి నీళ్ళు పట్టు, నల్ల బంద్ అయితది" అన్నది. గంతే. అప్పటి సంది మా ఇంట్ల ఆ మాట ఎవ్వరు ఎత్తలే. బాపు ఎత్తలే, చుట్టాలు ఎత్తలే. ప్రకాశం అయితే ఎన్నడు ఎత్తలే.

మరి ఆ ఆదివారం ఏమైందంటే, తప్పు నాది గూడ ఉన్నది. తమ్ముడు తోవ తప్పిండు, మా పాస్టరయ్యతోని జర చెప్పిద్దామని అందరిని అన్నానికి పిలిచిన. పాస్టరయ్యను, మీ తాతను, ఆ ఇద్దరు బాబులను. బగార అన్నం, కోడికూర. మనసుల ఏమనుకున్ననంటే, కడుపు నిండితే లొల్లి కాదని. కాని దేవుని ముచ్చటకు కడుపుతోని సంబంధం లేదు బిడ్డా.

మీ తాతనే షురూ చేసిండు. "పాస్టరయ్యా, మీరు దేవుడు మనల్ని మట్టితోని చేసిండంటరు, కుమ్మరి కుండ చేసినట్టు. గంతేనా మన బతుకు? మనం ఈడ పుట్టకముందే ఆయన కాడ ఉన్నం. మన ఆత్మలకు ఆయన నిజం తండ్రి. మనది ఆయనది ఒకటే జాతి. పిల్లగాడు పెరిగి నాయిన లెక్క అయినట్టు, మనం గూడ ఒకనాడు ఆయన లెక్క అయితం."

పాస్టరయ్య చెయ్యి కడుక్కొని మరీ జవాబు చెప్పిండు. "అది కాదు ప్రకాశం. దేవుడు దేవుడే, మనిషి మనిషే. కుండ ఎంత పెద్దగైనా కుమ్మరి కాదు. ఆయనకు మన లెక్క ఒళ్ళు లేదు, ఆయన ఆత్మ. ఏసు ఒక్కడే ఆయన సొంత కొడుకు. మనం పరాయోళ్ళం. ఏసును నమ్ముకున్నంక ఆయన దయతోని మనల్ని దత్తత తీసుకున్నడు. అందుకే తండ్రీ అని పిలుస్తున్నం."

నేను నడుమ, "మరి కన్నడంటున్నరు, తల్లి గూడ ఉన్నదా?" అని అడిగిన. ఊకనే అడిగిన. రాజమండ్రి బాబు మెల్లగ, "పరలోక తల్లి కూడా ఉన్నారని మేము నమ్ముతామండి" అన్నడు. "ఉండాలె గద, ఇంట్ల ఆడమనిషి లేకుంటె ఎట్ల" అన్న. పాస్టరయ్య నా దిక్కు ఒక సూపు సూసిండు. నేను కూర వడ్డించిన.

అప్పటిదాక మంచిగనే ఉన్నది. అప్పుడు మీ తాత గొంతు పెద్దగ చేసిండు.

"దత్తత ఏందయ్యా? కన్నబిడ్డ కన్నబిడ్డే, పెంచుకున్న బిడ్డ పెంచుకున్న బిడ్డే. రెండు ఒకటెట్ల అయితయి? ఎంత పెంచినా లోపట ఆ తేడా ఉండనే ఉంటది."

అన్నడు. అని ముక్క నోట్ల పెట్టుకున్నడు.

పాస్టరయ్యకు నా సంగతి తెలుసు. ఆయన తల దించుకున్నడు. రాజమండ్రి బాబుకు తెల్వకున్నా ఏదో అయిందని తెలిసింది. ఆ పొడుగు బాబుకు మన మాట అంత రాదు, "చాలా బాగుంది అమ్మగారు" అనుకుంట తింటనే ఉన్నడు. మీ తాతకు జరసేపు తెల్వలే. తర్వాత నా మొఖం సూసిండు. సూసి, నోట్ల బుక్క నోట్లనే ఉండిపోయింది.

"తినుర్రి, అన్నం ఇంకా ఉన్నది" అని నేను వంటింట్లకు పోయిన. కడిగిన గిలాసలే మళ్ళ కడిగిన. వాళ్ళు ఎప్పుడు పోయిన్రో గూడ బయటకు వచ్చి సూడలే. మర్నాడు ఫోన్ మోగింది, ఎత్తలే. ఆ మర్నాడు మోగింది, ఎత్తలే. ఇగ మీ తాతకు గూడ మొండితనం తక్కువనా, బంద్ చేసిండు.

నువ్వు అంటవు, ఒక్క మాటకేనా అమ్మమ్మా అని. ఒక్క మాటే. కాని బిడ్డా, అరవై ఎనిమిదేండ్లు లేని మాట అది. చర్చికి పోయిన. అందరు "పరలోకమందున్న మా తండ్రీ" అంటున్నరు. నేను 'మా' కాడ ఆగిపోయిన. దత్తత అన్న మాట పాస్టరయ్య ఎన్నోసార్లు చెప్పిండు, వినంగ తియ్యగ ఉండేది. ఇప్పుడు అదే మాట గుచ్చుకుంది. అంటే నేను దేవుని కాడ గూడ పెంపుడుదాన్నేనా, ఆడ గూడ ఒక మెట్టు కిందనేనా అని. మీ తాత లెక్క తీసుకుందామా, ఆ లెక్కల నేను దేవునికి కన్నబిడ్డను, మా అమ్మకు మాత్రం కాదు. ఇదేం లెక్క. రెండు దిక్కుల నాకు జాగ దొరకలే.

ఒకనాడు పాస్టరయ్యను అడిగిన. "అయ్యా, దత్తత తీసుకున్న బిడ్డ తక్కువనా?" అని. ఆయన ఏదో వాక్యం తీస్తడనుకున్న. తియ్యలే. "మీ అమ్మ నిన్ను కొట్టేదా?" అని అడిగిండు.

"మస్తు కొట్టేది."

"ప్రకాశం కంటె తక్కువనా?"

"ఎక్కువ. పెద్దదాన్ని గద, వాడు చేసిన దానికి గూడ నాకే పడేటివి."

ఆయన నవ్విండు. "పరాయి బిడ్డనైతే అంత ధైర్యంగ ఎవరు కొడతరమ్మా" అన్నడు. నాకు గూడ నవ్వొచ్చింది. ఇంటికి వచ్చే తోవల ఏడుపు గూడ వచ్చింది, అది వేరే ముచ్చట. కాని ఫోన్ మాత్రం చెయ్యలే. నేను పెద్దదాన్ని, వాడే రావాలె.

వచ్చిండు. పచ్చడి పెడుతున్న, ఈ వరండాలనే, ముక్కలు తుడుసుకుంట కూసున్న. గేటు చప్పుడైంది. సూస్తే మీ తాత, చేతుల ఒక ప్లాస్టిక్ ఫైలు. తొమ్మిది నెలల తర్వాత వాడన్న మొదటి మాట ఏందో తెలుసా? "అక్కా, మన అమ్మమ్మ పేరేంది?"

వాళ్ళ సంఘంల వంశం రాసుకుంటరంట. ముత్తాతల దాక పేర్లు కావాలె. వానికి ఒక్క పేరు తెల్వదు, ఎన్నడన్న అమ్మ కాడ కూసుంటే గద.

నేను ఊకున్ననా? లే. తొమ్మిది నెలలు దాచుకున్న మాట, అన్న. "నేను పెంపుడుదాన్ని. మీ వంశం పేర్లు నన్ను అడుగుతవేందిరా?"

వాడు మెట్టు మీద కూసున్నడు. ఫైలు ఒళ్ళె పెట్టుకున్నడు. తర్వాత చెప్పిండు.

"కంప్యూటర్ల రాస్తున్నం అక్కా. అమ్మ పేరు, బాపు పేరు, పిల్లల పేర్లు. మొదలు నీ పేరు చెప్పిన. ఆ రాజమండ్రి బాబు అడిగిండు, ఇక్కడ ఒకటి ఎంచుకోవాలండి, కన్నబిడ్డనా, దత్తతనా అని. నేనేమన్ననో అప్పుడు సమజైంది. అన్ననాడు గూడ గంత సమజ్ కాలే."

"మరి ఏం రాసినవు?"

"కన్నబిడ్డ అని నొక్కమన్న. అది నిజమేనా అంకుల్ అన్నడు. మా అమ్మను అడుగు పో అన్న."

నేను చేతుల గుడ్డ పక్కకు పెట్టిన.

"అమ్మ ఉంటే నా చెంప పలగగొట్టేది" అన్నడు.

"తప్పించుకున్ననని మురవకు. నీ నమ్మకం ప్రకారం ఆమెను కలుస్తవు గద, అప్పుడు కొడతది" అన్న. ఇద్దరం నవ్వినం. నవ్వి నవ్వి వానికి దగ్గొచ్చింది, నేను పోయి నీళ్ళు తెచ్చిన.

పేర్లన్ని చెప్పిన. అమ్మమ్మ ఎల్లమ్మ, తాత పెంటయ్య, వాళ్ళది కీసర దిక్కు, శివరాత్రికి గుట్ట ఎక్కెటోళ్ళు. మా అమ్మ తర్వాత ఏసును నమ్ముకుంది. అన్ని రాసుకున్నంక మెల్లగ చెప్పిండు, ఆ పేర్లతోని వాళ్ళ దేవాలయంల సచ్చిపోయినోళ్ళకు బాప్తిస్మం ఇస్తరంట, ఆ పోయినోళ్ళ తరఫున బతికున్నోళ్ళు నీళ్ళల్ల మునుగుతరంట. నాకు మళ్ళ కోపం వచ్చింది. "అమ్మకు ఎందుకురా? అమ్మ తన నోటితోని ఒప్పుకొని తీసుకున్నది."

"బలవంతం లేదక్కా. ఆడ ఆమెకు ఇష్టముంటే తీసుకుంటది, లేకుంటె వద్దంటది."

"వద్దనొచ్చా?"

"అనొచ్చు."

"అయితే నీ ఇష్టం. అమ్మకు వద్దనుడు మంచిగనే వస్తది" అన్న. బతికున్నన్ని దినాలు ఒకల మాట వింటే గద ఆమె.

ఇప్పుడా? ఇప్పుడు ప్రతి ఆదివారం నా చర్చి నాది, వాని చర్చి వానిది, మధ్యాహ్నం అన్నం మాత్రం ఈడ. కుమ్మరి, కుండ, తండ్రి, బిడ్డ, అదే వాదన. పోయిన వారం బోడుప్పల్ నుంచి మీ చిన్నాయిన వచ్చి, మీ లొల్లి గేటు దాక ఇనవడుతుందన్నడు. ఇనవడనియ్యి.

ఎవలది నిజం అంటవా? నన్ను అడిగితే నాదే నిజమంట. నన్ను ఆయన చేసిండు, చేసి చేరదీసిండు, నేను ఆయన అంత దాన్ని ఎన్నటికి కాను, కావాలని గూడ లేదు. మీ తాతను అడుగు, ఆయన వేరే చెప్తడు. ఆయన చెప్తుంటే గూడ కూసోని ఇను. మీ తాత కమలను తలుసుకొని చెప్తడు, నేను అమ్మను తలుసుకొని చెప్త. గంతే ఇగ.

జర దగ్గరికి రా, నెత్తి మీద చెయ్యి పెట్టనియ్యి. నువ్వు ఏ చర్చికి పోయినా, అసలు పోకున్నా, ఆ పైనున్నాయన నిన్ను ఇది నా బిడ్డ అని పిలవాలె. ఎట్ల బిడ్డవైనవో ఆయననే చెప్పుకోనియ్యి. సల్లగుండు తల్లీ. ఇగ లే, ఉప్పల్ కాడ రింగురోడ్డు మీద జామ్ అయితది, పోయినంక మీ తాతకు చెప్పు, ఆదివారం...