దొరగారి పథ్యం

జంతువుల ఆస్పత్రిలో పరీక్ష చేసే గది. బల్ల మీద గోధుమరంగు కుక్క. బల్లకి అటు డాక్టరమ్మ, ఇటు భార్యాభర్తలు.

“పదకొండు కిలోల రెండొందలు. ఏంటమ్మా ఇది? పద్నాలుగు నుంచి పదమూడుకి దించమంటే పదకొండుకి తెచ్చారు!”

“అదే నేనూ అడుగుతున్నాను డాక్టరుగారూ. మీరు రాసిచ్చిన చీటీ వంటగది తలుపుకి అంటించుకున్నాను. ఒక్క చెంచా తేడా రానివ్వలేదు.”

“ఏం పెడుతున్నారో చెప్పండి. మొదటినుంచీ.”

“పొద్దున ఆ కుక్కల తిండి గుళికలు, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి. పొడిగా పెడితే నుసి గొంతుకి తగులుతుందన్నారు కదా. రాత్రికి ముళ్ళు తీసిన చేప, ఉప్పు లేకుండా. ఆవిరి మీద ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్టు. పైన చెంచాడు చేపనూనె. మెడ వంచకుండా తినడానికి గిన్నె కింద స్టూలు. మెడపట్టీ తీసేసి ఛాతీకి పట్టీ కొన్నాం. ఇంకేం చెయ్యమంటారు? పక్కన నిలబడి విసనకర్రతో విసరనా దొరగారికి?”

“దొరగారా?”

“దాని పేరండీ. దొర. పేరుకి తగ్గట్టే చేయించుకుంటోంది సేవలు.”

“దాని మీద ఎందుకే విసుగు? మూగజీవి.”

“మీరు మాట్లాడకండి. చేప కంపు కొట్టే చేతులతో డ్యూటీకి వెళ్ళేది మీరా, నేనా? గోడౌన్లో నా పక్కన పార్సిళ్ళు సర్దే ఆవిడ నిన్న ముక్కు మూసుకుని నిలబడింది. మా ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగాలేదు, కుక్కకి పథ్యం అంటే ఫక్కున నవ్వింది.”

“సరే, ఒక్క నిమిషం. దగ్గు తగ్గిందా?”

“లేదు.”

“తగ్గిందండీ.”

“ఇద్దరూ చెరో మాట చెప్తే నేనేం రాసుకోను? తగ్గిందా, లేదా?”

“కొంచెం తగ్గినట్టే ఉందండీ.”

“ఎక్కడ తగ్గిందండీ? నిన్న పొద్దున నేను డ్యూటీ దిగి రాగానే మీరే కదా అన్నారు, రాత్రంతా దగ్గుతూనే ఉంది, కంటి మీద కునుకు లేదని!”

“నిన్నంటే... నిన్న కొంచెం ఎక్కువ. మొన్న లేదు.”

“మొన్నా అదే మాట అన్నారు.”

“చూడండి, కోప్పడుతున్నానని అనుకోకండి. మీరు నా దగ్గరికి రావడం ఇది మూడోసారి. మూడుసార్లలో ఇది నా ముందు ఒక్కసారి దగ్గలేదు. శ్వాసనాళం మీద వేలు పెట్టి నొక్కాను, దగ్గలేదు. ఎక్స్‌రే తీశాం, అద్దంలా ఉంది. లావుగా ఉంది కదా, ఆ బరువు శ్వాసనాళం మీద పడుతోందేమోనని పథ్యం రాశాను. ఇప్పుడు ఎముకలు లెక్కపెట్టేలా ఉంది, దగ్గు మాత్రం తగ్గలేదంటున్నారు. నాకేం పాలుపోవట్లేదు.”

“మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బండి బుద్ధిగా స్టార్టవుతుంది చూడండి, అలా ఉంది దీని వరస.”

“మీ చెవులతో మీరు విన్నారా అమ్మా, ఇది దగ్గడం?”

“నేనెక్కడ వింటానండీ? నాది రాత్రి డ్యూటీ. ఏడింటికి వెళ్తే తెల్లారి వస్తాను. వారంలో ఆదివారం ఒక్క రాత్రే ఇంట్లో పడుకునేది. ఆ రాత్రి నా నిద్ర చెడకూడదని ఈయన దాన్ని తీసుకుని షెడ్డుకి పోతారు.”

“ఏం షెడ్డు?”

“ఈయన వడ్రంగి అండీ. తలుపులూ బీరువాలూ చేస్తారు. అక్కడే చాప వేసుకుని పడుకుంటారు, ఇద్దరూ.”

“చెక్కపొట్టులోనా! నేనేమో ఊపిరితిత్తులకి మంచిదని చేపా గుమ్మడికాయా రాస్తుంటే, మీరు దానిచేత పొట్టు పీల్పిస్తున్నారా? తిండి సాయం చేస్తుందయ్యా, మంత్రం వెయ్యదు. గాలి బాగుండాలి ముందు.”

“ఊడ్చేస్తానండీ. ఊడ్చి, నీళ్ళు చల్లి, అప్పుడే పడుకోబెడతాను.”

“మరి మీరు? రోజంతా ఆ పొట్టులోనే కదా మీ పని. ముక్కుకి ఏమైనా కట్టుకుంటారా?”

“నా సంగతెందుకులెండి. దాని సంగతి చూడండి.”

“కట్టుకోరండీ. ఎన్నిసార్లు చెప్పానో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.”

“నీకు నేను తప్ప ఇంకో మాట లేదా? కుక్క కోసం వచ్చామా, నా కోసం వచ్చామా?”

“అబ్బా, అరవకండి. అది బెదురుతోంది. రాత్రి గిన్నె ఎవరు పెడతారు దీనికి?”

“ఈయనే. నేను వండి, చల్లార్చి, మూతపెట్టి వెళ్తాను. ఎనిమిదింటికి ఈయన పెడతారు.”

“మొత్తం తింటోందా? మిగులుస్తోందా?”

“మెతుకు మిగలదండీ. పొద్దున నేనొచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంటుంది. పెళ్ళయిన పదహారేళ్ళలో తిన్న కంచం తియ్యని మనిషి, దాని గిన్నె కడుగుతున్నారంటే చూసుకోండి, నాకంటే ఎవరు ముద్దో!”

“అంత తిండి తింటే ఇంత చిక్కకూడదే. కడుపులో పురుగులేమో అనుకున్నాను, అవీ లేవు.”

“ఏదో ఒకటి తేల్చండి డాక్టరుగారూ. నాకిక ఓపిక లేదు. పైన ఉండే ఇల్లుగలావిడ తెగేసి చెప్పింది. రాత్రిళ్ళు ఆ కుక్క దగ్గుతో మా ఇంట్లో ఎవరికీ నిద్రలేదు, రేపటికల్లా అదన్నా పోవాలి, మీరన్నా పోవాలి అంది. మా పెద్దమ్మ కొడుకు తోటలో కాపలాకి దాన్ని తీసుకుంటానన్నాడు. రేపు పొద్దున బండి పంపిస్తున్నాడు.”

“ఏ బండీ రాదు. పంపేది లేదని నిన్నే చెప్పాను.”

“మరి మంచాలూ గిన్నెలూ నెత్తిన పెట్టుకుని రోడ్డున పడదామా?”

“దాని తప్పేముందే?”

“దగ్గుతోందిగా!”

“దగ్గితే? దగ్గితే పంపేస్తావా? ఎవరు దగ్గినా బండెక్కించి పంపేస్తావా?”

“ఏం మాటలండీ అవి? మనిషీ కుక్కా ఒకటేనా?”

“... డాక్టరుగారూ, నీళ్ళున్నాయా?”

“బయట వరండాలో ఉన్నాయి.”

“ఇప్పుడే వస్తాను.”

“చూశారా? మాట వస్తే లేచి పోవడం. ఈ మధ్య ఇదే తంతు. గట్టిగా రెండు మాటలంటే చాలు, నీళ్ళంటారు, ఫోనంటారు, బయటికి పోతారు. దానికోసం మాత్రం ప్రాణం పెడతారు. నాకేమన్నా దాని మీద పగా చెప్పండి? చిన్నపిల్లప్పుడు సీసాతో పాలు పట్టింది నేను. పంపాలంటే నాకు మాత్రం కడుపు తరుక్కుపోదూ?”

“తెలుస్తోందమ్మా. నాకు ఒక్కసారి ఆ దగ్గు వినబడితే చాలు. పొడిదగ్గా, కఫమా, ఎక్కడనుంచి వస్తోందో చెప్పేస్తాను.”

“అయ్యో, నా మతిమరుపు మండ! ఇల్లుగలావిడ రాత్రి రికార్డు చేసి పొద్దున పంపింది కదా, సాక్ష్యం అంటూ. మా గది కిటికీ దగ్గరికి దిగొచ్చి మరీ చేసిందట. నేను రెండు దగ్గులు విని కట్టేశాను ఒళ్ళు మండి. వినిపించనా?”

“ఈ మాట ముందే చెప్పకూడదా! పెట్టండి.”

“ఇదిగోండి.”

“... ఊఁ.”

“చాలా అండీ? ఆపెయ్యనా?”

“ఆపకండి. విననివ్వండి పూర్తిగా.”

“బాగా ముదిరిందా? ఉన్నదున్నట్టు చెప్పండి, పర్లేదు.”

“ఒక్కసారి వెనక్కి తిప్పండి. సౌండు పెంచండి.”

“ఏమైందండీ? మీ మొహం అలా అయిపోయిందేంటి?”

“దగ్గాక చివర్లో ఏం వినబడిందో విన్నారా?”

“లేదే. ఏం వినబడింది?”

“ఫోను చెవి దగ్గర పెట్టుకోండి. ఇదిగో... ఇక్కడ.”

“దగ్గే కదండీ... ఆఁ?”

“కుక్క దగ్గి దగ్గి ‘అమ్మా’ అనదు తల్లీ. రాత్రిళ్ళు ఇంట్లో ఇంకెవరుంటారు?”

“ఎవరూ ఉండరు. ఆయనే. ఇది ఆయన గొంతే డాక్టరుగారూ. ఆయనే ఇది.”

“నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయండీ, అందుకే లేటు... ఏంటి? ఏంటి ఇద్దరూ అలా చూస్తున్నారు?”

“ఎన్నాళ్ళయింది?”

“ఏది?”

“ఏదా! దగ్గు!”

“తెలుసుగా నీకు, దానికి మూడు నెలల...”

“దాని పేరెత్తితే ఊరుకోను! మీకు. మీకెన్నాళ్ళయింది? చెప్పండి!”

“ఎండాకాలం నుంచి.”

“ఎండాకాలం నుంచా! అంటే పైవాళ్ళకి కుక్కదని చెప్పి, నాకు కుక్కదని చెప్పి, దానిచేత పథ్యం చేయించి... ఎక్స్‌రే కూడా దానికే తీయించారు కదండీ!”

“మొదటిసారి ఇల్లుగలావిడ మెట్ల మీద అడిగినప్పుడు నోటికి అలా వచ్చేసింది. కుక్కదండీ అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోవడం నావల్ల కాలేదు.”

“నాకు చెప్పడానికేం రోగం?”

“చెప్తే ఆస్పత్రికి లాక్కెళ్తావు.”

“లాక్కెళ్ళక ఊరుకుంటానా!”

“వెళ్తే ఏం చెప్తారో నాకు తెలుసు. మా నాన్నదీ ఇదే పని. ఆయనా ఇలాగే దగ్గాడు. ఆస్పత్రికి తన కాళ్ళతో నడిచి వెళ్ళాడు, తిరిగి నడిచి రాలేదు. నాకు భయమేసిందే. అంతే. ఇంకేం లేదు. భయమేసింది.”

“రేపు దాన్ని బండెక్కించేసేదాన్ని. ఏ పాపం తెలీనిదాన్ని.”

“అందుకే కదా పంపొద్దని మొత్తుకుంది.”

“బాబూ, ముందు కూర్చోండి. రోడ్డు దాటితే ఛాతీ డాక్టరు ఉన్నాడు, నాకు బాగా తెలిసినవాడు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను, మీరు కాదనడానికి లేదు. దగ్గిన ప్రతివాళ్ళకీ మీ నాన్నగారి జబ్బే రావాలని లేదు. కానీ నాకు ఒక్కటి అర్థం కావట్లేదు. ఈ కుక్కకి దగ్గు లేదు, రోగం లేదు, రెండు పూటలా కొలత ప్రకారం తిండి ఉంది. మరి ఇంతలా ఎందుకు చిక్కిపోయింది?”

“ఏవండీ. అడుగుతున్నారు.”

“ఆ తిండి ఊపిరితిత్తులకి బలమని మీరే అన్నారు కదా డాక్టరుగారూ... మొదట్లో సగమే తినేవాణ్ణి.”