తిమ్మయ్య మడత పార

నేను చెప్పేదాంట్లో ఒక్క పొల్లు మాట ఉన్నా ఈ మాపటికి నా గొంతులో సంగటి దిగదు, దేవుని పటం ముందర కూచోని చెప్తాండా, ఆ తర్వాత నీ ఇష్టం హర్షిణీ. పూలకుండీల్లో మన్ను తీసేదానికని ఫోన్లో నొక్కి తెప్పించుకున్నావే ఆ పార, బొత్తాం నొక్కితే తల తిరుగుతాది, వదిలితే బిగుసుకుంటాది అని మురిసిపోతాండావే, అది ఏ దొరా కనిపెట్టింది కాదు. యాభై ఏండ్ల కిందట ఈ ఇంట్లోనే పుట్టింది. మీ చిన్నతాత తిమ్మయ్య చేసినాడు. మీ తాతకు తమ్ముడు, నాకు మరిది. నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయినాడు. అప్పుడే నవ్వుతాండావు. నవ్వేది ముందర శానా ఉండాది, కొంచెం దాచిపెట్టుకో.

తిమ్మయ్య ఎంత పొడుగనుకున్నావు? మన మిద్దె ఎక్కే పనిలేదు, వాకిట్లో నిలబడితే కమలాపురం టేసన్లో రైలు కనపడేది ఆయప్పకు. ఎవరు ఊరికి పోవాలన్నా ముందు మా ఇంటికొచ్చి రైలొచ్చిందేమో చూడప్పా అని అడిగి పోయేవాళ్లు. అంత మనిషికీ బరువు మోయాలంటే ఏడుపు. చేన్లోకి పోవాలంటే కాలవ తీసేదానికి ఒక పార, మన్ను ఎత్తేదానికి ఇంకొకటి, రెండూ భుజాన వేసుకోవల్ల, మళ్లా సద్దిబువ్వ గిన్నె. "వదినా, దేవుడు మనిషికి రెండే చేతులిచ్చి మూడు మోయమంటే ఎట్ల?" అని నాతో తగాదా, నేనేదో దేవుని కచ్చేరిలో గుమాస్తా అయినట్టు. ఒకనాడు సంగటి తింటాతింటా ముద్ద చేతిలోనే పెట్టుకొని లేచినాడు. ఒకే కట్టె, ఒకే తల. అడ్డంగా పెడితే తవ్వే పార, నిలువుగా తిప్పితే మన్నెత్తే పార, పూర్తిగా మడిస్తే సంకలో పెట్టుకొని ఈల వేసుకుంటా పోవచ్చు. అదీ ఆలోచన. ఆ చేతి ముద్ద అట్లనే కమ్మరి హనుమేష్ కొలిమికాడికి పోయింది. ఆరు నెలలు ఆడనే పడుండె. హనుమేష్ పెండ్లాం రేషను కార్డులో ఈయప్ప పేరు గూడా ఎక్కించిందని ఊరంతా చెప్పుకున్నారు.

తల తిరగడం ఏమంత పని కాదు పాపా, ఈ ఊర్లో తల తిరగనోళ్లు ఎవరుండారు? తిరిగిన తల నిలబడల్ల, అదీ కష్టం. మొదట బెజ్జం వేసి ఒక మేకు దూర్చినారు. చేన్లో తొలి దెబ్బకే మేకు తుర్రుమని ఎగిరి, మూడు మైళ్ల అవతల ఒకామె కోడిపుంజు తోక ఊడగొట్టింది. ఆమె ఆ తోక పట్టుకొని మా వాకిట్లోకి వచ్చి, అతికిస్తారా లేదా అని కూచునింది. రెండోతూరి తలుపు గడియ పెట్టినారు. పార ఎత్తేటప్పుడు బాగుండేది, దించేటప్పుడు గడియ జారి తల గిర్రున తిరిగి ఆయప్ప మొగం వైపే చూసేది. ఎడమపక్క మీసం అట్లనే పోయింది. నెల దినాలు ఒంటి మీసంతో తిరిగినాడు, ఆ పక్కనుంచి చూస్తే సిపాయి, ఈ పక్కనుంచి చూస్తే బడిపిల్లోడు. మూడోతూరికి మీ తాత సైకిలు సీటు కింద స్ప్రింగు ఊడబెరికినాడు. స్ప్రింగు కొనకు ఇనుప నాలిక అతికించి, తలకు మూడు గుంతలు చేసినాడు. నాలిక గుంతలో పడిందంటే టక్కుమని సద్దు, ఇంక కదల్దు. ఆ సద్దు వింటే మా ఎనుము పితక్కుండానే పాలిడిచేది. మీ తాత మాత్రం స్ప్రింగు లేక ఆ కార్తెంతా నిలబడే సైకిలు తొక్కినాడు.

ఆ మధ్యనే బద్వేలు సంతలో కృష్ణవేణమ్మను చూసినాడు. పక్క సందులో ఉండే మీ చిన్నవ్వే. అప్పుడు ఆమె పగ్గాలమ్మేవానితో బేరమాడతాండాదంట. ఆ బేరం చూస్తాంటే, పగ్గాలే కాదు, వాడు కట్టుకున్న పంచె గూడా మడిచి ఆమె గంపలో పెట్టి పోతాడేమో అనిపించిందంట తిమ్మయ్యకు. ఇంటికొచ్చి పెండ్లంటే ఆ పిల్లనే అని పండుకున్నాడు. అన్నం మానేసినాడు. అంటే పూటకు ఎనిమిది ముద్దలే తినేవాడు, బక్కచిక్కిపోతాండాడని మా అత్త ఏడుపు. మీ తాత పోయి మాట కలిపొచ్చినాడు. కృష్ణవేణమ్మ నాయన ఓబుళేశు వచ్చినాడు చూసేదానికి. అంగుళం మనిషి గానీ, ఆయప్ప దగ్గితే మా దూలాల్లో పిచ్చుకలు ఊరొదిలి పోయినాయి. ఒంటి మీసం కథ, కోడి తోక కథ దారిలోనే ఎవరో చెవిన వేసినారు. మడత పారను అట్ల తిప్పి ఇట్ల తిప్పి చూసి, "ఏమప్పా తిమ్మయ్యా, పనికి ఒళ్లు వంగక ఈ పిచ్చి పట్టుకున్నావో, తెలివుండే పట్టుకున్నావో నేను తెలుసుకోవల్ల. దసరా మర్నాడు పొద్దన్నే వస్తా. మీ చెనిక్కాయ చేన్లో ఈ కొసనుంచి ఆ కొసకు దీంతోనే కాలవ తియ్యి. తల జారిందంటే ఇంక నా వాకిలి తొక్కద్దు" అనేసి పోయినాడు.

ఇప్పుడు వస్తాండా నా ఘనకార్యం కాడికి. నేను ఈ ఇంటికొచ్చి ఏడాది గూడా కాలా. దసరానాడు పనిముట్లకన్నిటికీ పూజ చేస్తాం గదా, దున్నే మడకకు, కొడవండ్లకు, గడ్డపారకు, అన్నీ కడిగి బొట్లు పెట్టి వరసగా ఆనించి, మర్నాటిదాకా ఎవరూ ముట్టుకోరు. బొట్లు పెట్టే పని మా అత్త నాకు చెప్పింది. తిమ్మయ్య తన పారను పూర్తిగా మడిచి, చంటిబిడ్డను పండుకోబెట్టినట్టు పీట మీద పెట్టి, "వదినా, దీనికి కొంచెం ఎక్కువ పెట్టు" అన్నాడు. ఎక్కువ పెట్టమంటే నేను తక్కువ పెడతానా? మడక కాడికే కుంకుమ అయిపోయింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా వస్తాది గదా, మా అత్త ఆకువక్కల డబ్బీలోని సున్నమంతా గోకి కలిపినా. ఇనుముకు అంటకుండా జారిపోతాంటే, ఓళిగలకు కాచిన బెల్లం పాకం అడుగున మిగిలుంటే అదీ పోసి పిసికినా. బాగా పట్టింది. నాలికకు ఒక బొట్టు, స్ప్రింగుకు ఒక బొట్టు, గుంతలు ఖాళీగా కనపడితే వాటి నిండా. ఆ పారను చూసి అమ్మవారు గూడా నాకు ఇంత లేదే అని అలిగుంటాది.

మర్నాడు ఓబుళేశు కోడికంటే ముందొచ్చినాడు. ఊరంతా వచ్చింది. తిమ్మయ్య పార తీసి నాలిక వెనక్కి లాగినాడు. రాలా. రెండు చేతులా లాగినాడు. మీ తాత ఒక పక్క, హనుమేష్ ఒక పక్క. నలుగురు, పదిమంది, ఆ తర్వాత ఆ కొసకూ ఈ కొసకూ ఎద్దులను కట్టినారు. ఎద్దులు వగర్చినాయి గానీ పార కన్ను తెరవలా. హనుమేష్ సుత్తితో టకటకమని కొట్టి, ఆ ఎర్రదాన్ని గోటితో గీకి తన నాలిక మీద పెట్టుకొని, "ఇది బొట్టు కాదప్పా, గచ్చు. సున్నం, బెల్లం. సిద్ధవటం కోట గోడలు దీంతోనే నిలబడుండాయి" అన్నాడు.

నేను తలుపెనక నిలబడుండా. ఏడాది నిండని కోడల్ని, మా అత్తకు తెలిస్తే ఆ పొద్దే నన్ను మూట కట్టి మా ఊరి బస్సెక్కించేది. ఓబుళేశు అడిగినాడు, ఇంత భక్తిగా బొట్టు పెట్టిందెవరప్పా అని. తిమ్మయ్య తలుపు వైపు చూడను గూడా చూడలా. "నేనే మామా" అన్నాడు.

ఓబుళేశు ఆయప్ప చేతులు చూసినాడు. ఒక్క ఎర్ర మరక గూడా లేదు, తెల్లగా పిండి మాదిరి ఉండాయి. "సరే, కాలవ తియ్యి" అన్నాడు. మడిచిన పారతో తవ్వాలంటే మొగం మన్నుకు జానెడు దూరంలో పెట్టల్ల. అంత పొడుగు మనిషి మూడు మడతలు పడి, గొంతు కూచోని, కప్ప మాదిరి ముందుకు గెంతుతా, ఈ కొసనుంచి ఆ కొసకు తీసినాడు. మిట్టమధ్యానానికి నీళ్లొదిలితే సర్రుమని పారినాయి. లేచి నిలబడబోతే నడుము బిగుసుకోని రాలా, ఈతూరి తిమ్మయ్యకే పడింది లాకు. నలుగురు పట్టి మంచం మీద పక్కకు పడేస్తే నాలుగు దినాలకు నిటారుగా అయినాడు.

ఓబుళేశు బండెక్కేముందర మజ్జిగ కావాలన్నాడు. నేనే తీసుకపోయినా, కొంగు చేతుల మీద కప్పుకొని. గాలికి కొంగు జారింది. మణికట్టు దాకా ఎర్రగా ఉండాయి చేతులు, పదితూర్లు కడిగినా పోలా. ఆయప్ప చెంబు తీసుకున్నాడు, చేతులు చూసినాడు, గటగటా తాగినాడు. మీసం తుడుచుకొని మా అత్త వైపు తిరిగి, "అమ్మా, లగ్నం పెట్టించండి. పెండ్లిలో పారాణి పూసే పని మాత్రం ఈ పాపకు చెప్పద్దండి. నా బిడ్డ కాలు కదలాల గదా" అన్నాడు.

మా అత్తకు అర్థం కాలా. చచ్చేదాకా అర్థం కాలా. తిమ్మయ్య ఆ తర్వాత ముప్పై ఏండ్లు నా ముందరే సంగటి తిన్నాడు, నన్ను ఎన్ని మాటలన్నాడో, నేనెన్ని అన్నానో. ఆ ఒక్క మాట మాత్రం ఎత్తలా. నేనే ఎత్తుదామనుకుంటా ఉండగానే...

ఊ. ఆ గిన్నె ఇట్ల తే. కృష్ణవేణమ్మకు తోడుకు పెరుగు కావాలన్నాది పొద్దన్న, మరిచేపోయినా. ఎండ ఎక్కకముందే ఇచ్చి రాపో. మూత తీసి చూస్తా పోవద్దు, చిందుతాది.