పొలుసు పట్టిన గులాబీ

(పెరటి వసారా. ఆవిడ విమానాశ్రయంలో దిగుమతి మొక్కలు తనిఖీ చేసే అధికారి. ఆయన ఆవిడ భర్త, రిటైరైన లెక్కల మాస్టారు.)

“మళ్ళీ చెప్పండి. ఎవరిచ్చారు?”

“చెప్పానుగా, స్నేహితుడు.”

“మీ స్నేహితులకి బంతికీ చేమంతికీ తేడా తెలీదు. ఇది ఇక్కడ దొరికే గులాబీ కాదు. ఆ భూతద్దం ఇటివ్వండి. కాడ మీద ఈ తెల్లమచ్చలేమిటి?”

“సున్నం. గోడకి వేస్తుంటే చిందింది.”

“గోడకి నీలం రంగు వేయించి సున్నం చిందిందంటారేమిటి? ఇది పొలుసు పురుగు. కాడకి అతుక్కుని రసం పీల్చేస్తుంది.”

“పురుగు పురుగంటావు, అది కదలనైనా కదలడం లేదు.”

“మీరూ సోఫాలోంచి కదలరు. తినడం మానేశారా?”

“అదిగో, మొదలెట్టావు.”

“ఎక్కడిదో చెప్పండి.”

“వేసవిలో నీ మీటింగుకి విమానంలో పై దేశం వెళ్ళాం కదా. నువ్వు లోపలుంటే నేను ఊరికే తోటలు చూస్తూ...”

“చూస్తూ?”

“ఓ ముసలాయన నాలుగు పుల్లలు కోసిచ్చాడు. కాదంటే బాగుండదని...”

“తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాట్ట. పై దేశం మొక్క వస్తే ముందు పురుగు దూరని వలగదిలో విడిగా పెడతాం. చిగురేసి, ఏ తెగులూ లేదని తేలాకే బయటికి వదులుతాం. పాతికేళ్ళుగా నేను చేసే పని అదే. నా మొగుడేమో పుల్లలు దాచి తెస్తాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?”

“నాలుగు పుల్లలకి ఇంత రాద్ధాంతమా? ఆకులకి ముద్రలు కొట్టే ఆఫీసు మీది.”

“ఆ ముద్రల జీతంతోనే మీ కుండీలు కొన్నది. సరే, ఎవరికైనా కొమ్మలు పంచారా?”

“ఎక్కువమందికి ఇవ్వలేదు.”

“ఎవరికి?”

“పక్కింటివాళ్ళకి. క్లబ్బులో ఇద్దరికి. ఊరవతల పూలతోట పెద్దాయనకి ఒకటి.”

“పూలతోటకా? మహానుభావా, ఆ ఇంటిల్లిపాదీ ఆ తోట మీదే బతుకుతున్నారు. పురుగు పాకితే తోటంతా పీకి తగలబెట్టాలి. ఆ మాట ఆయనకి మీరు చెబుతారా?”

“నువ్వు చెబితేనే బాగుంటుందేమో. నీకు అలవాటు.”

“సిగ్గన్నా లేదు. ఫోనిటివ్వండి.”

“పెద్దాయనకా?”

“ఆయనకి తర్వాత. ముందు మా ఆఫీసుకి. మనం దిగినరోజు తనిఖీలో ఉన్నది ఆ బట్టతల గుమాస్తా. గుడ్డివెధవ. రేపటికి వాడి ఉద్యోగం ఊడబీకిస్తాను.”

“వాణ్ణేమీ అనకు.”

“ఎందుకనకూడదు? కళ్ళు మూసుకుని కూర్చోడానికా జీతమిచ్చేది?”

“మూసుకోలేదు పాపం. నా సంచి అంతా దులిపాడు. చెప్పులు కూడా విప్పించాడు.”

“అంత దులిపినవాడికి పుల్లలు కనబడలేదా?”

“నా సంచిలో లేవు.”

“జేబులోనా?”

“కాదు. ముందు ఆ ఫోన్ పెట్టెయ్యి.”

“మోగుతోంది. చెప్పండి, ఎక్కడ పెట్టారు?”

“నీ పెట్టెలో, చీరల మడతల్లో. దాన్నీ తెరవబోయాడు వాడు. ‘నా పెట్టె మీదే చెయ్యి వేస్తావా’ అని అందరి ముందూ కసిరింది నువ్వే.”